ఒక్క పాయింటు వెలితి: స్టిర్లింగ్ మాస్ జీవితము

ప్రపంచ విజేత యను బిరుదమును ఒక్కమారైనను పొందనివాని చరిత్రము మనకేల యని విద్యార్థులు మమ్మడుగవచ్చును. స్టిర్లింగ్ మాస్ అను ఆంగ్లేయుడు 1955 మొదలు 1958 వరకు వరుసగా నాలుగు సంవత్సరములు మోటారు కారు పందెముల ప్రపంచ పోటీలో రెండవవాడుగా నిలిచెను. ఆపై మూడు సంవత్సరములు మూడవవాడుగా నిలిచెను. ఏడేండ్లలో ఒక్కసారియు మొదటి స్థానము దక్కలేదు. అయినను, ఆ కాలపు పందెగాండ్రలో అర్జెంటీనా దేశీయుడైన ఫాంజియో తరువాత శ్రేష్ఠుడెవడని అడిగినచో, తెలిసినవారిలో పెక్కుమంది చెప్పు పేరు మాస్‌దే. పట్టికలో కానరాని ఈ కీర్తి అతనికెట్లు వచ్చెను? 1958 ఆగస్టు 24వ తేదీన పోర్చుగల్ దేశమందలి ఒపోర్టో నగరములో జరిగిన పందెమునందును, ఆ పందెము ముగిసిన పిమ్మట నిర్ణేతల యెదుట జరిగిన విచారణయందును దీనికి సమాధానము కొంత దొరకును. అచ్చటికి చేరుటకు ముందు అతని బాల్యమునుండి నడచి రావలసియున్నది.

మాస్ 1929 సెప్టెంబరు 17వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి ఆల్ఫ్రెడ్ దంతవైద్యుడు. వృత్తి పండ్లు పెరుకుటయే యైనను ఆయన మనసెల్ల మోటారు పందెములమీదనే యుండెడిది. 1924లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున జరిగిన సుప్రసిద్ధమైన 500 మైళ్ల పందెములో ఆయన స్వయముగా పాల్గొనెను. తల్లి ఐలీన్ కూడ పోటీలలో కారు నడిపిన మహిళయే. చెల్లెలు పాట్ మొదట గుఱ్ఱపు స్వారిలోను, పిదప దూరప్రయాణపు ర్యాలీ పోటీలలోను పేరు గాంచెను. ఇట్టి యింట పుట్టిన బాలునికి తొమ్మిదవయేట తండ్రి ఒక ఆస్టిన్ సెవెన్ కారును కొనియిచ్చెను. రహదారిపై నడుపుటకు వయసు చాలదు గనుక ఇంటిచుట్టు నున్న పొలములలో దానిని త్రిప్పెడివాడు.

బడిలో మాత్రము అతని దినములు సుఖముగా గడువలేదు. తండ్రివైపు వారు యూదు వంశీయులగుటచేత తోటి బాలురు అతనిని ఎగతాళి చేసి బాధించెడివారు. ఆ అవమానమే తనలో గెలువవలెనను పట్టుదలను పెంచెనని అతడు పెద్దవాడైన పిదప చెప్పెను. కుమారుడు కూడ దంతవైద్యుడు కావలెనని తండ్రి కోరిక. కాని చదువు సాగలేదు. కొంతకాలము హోటళ్లలో పని నేర్చుకొనెను. గుఱ్ఱపు స్వారి పోటీలలో గెలిచిన సొమ్మును కూడబెట్టి, తండ్రి సాయముతో 1948లో కూపర్ అను చిన్న పందెపు కారును సంపాదించెను. దానికి మోటారు సైకిలు ఇంజను అమర్చబడియుండెను. అది 500 ఘన సెంటీమీటర్ల సామర్థ్యము గలది. ఆ చిన్న బండితోనే అతడు తనకన్న పెద్దవారిని వరుసగా ఓడింపసాగెను.

ఇరువది యొకటవ జన్మదినమునకు ముందురోజున, అనగా 1950 సెప్టెంబరు 16న, ఉత్తర ఐర్లండులోని డన్‌డ్రాడ్ దారిలో టూరిస్ట్ ట్రోఫీ పందెము జరిగెను. కుండపోతగా వాన. మాస్‌కు కారు ఇచ్చుటకు పెద్ద సంస్థలేవియు ముందుకు రాలేదు. ఈ కుఱ్ఱవాడు తమ కారులో ప్రాణము పోగొట్టుకొనునేమో యని వారి భయము. చివరకు ఒక పత్రికారచయిత తన సొంత జాగ్వార్ కారును నమ్మి ఇచ్చెను. తడిసిన దారిమీద ఇతరులు జంకుచు నడుపుచుండగా మాస్ అందరిని దాటి గెలిచెను. వెంటనే జాగ్వార్ సంస్థ అతనిని తన జట్టులోనికి తీసికొనెను.

ఇచ్చట అతని స్వభావమును తెలుపు సంగతి యొకటి చెప్పవలెను. 1951లో ఇటలీ దేశపు ఫెరారీ సంస్థ బారీ నగరపు పందెమునకు రమ్మని అతనికి కబురు పంపెను. అంత దూరము ప్రయాణము చేసి పోయి కారులో కూర్చుండగా, ఆ కారు వేరొకనికి ఇయ్యబడినదని అచ్చటి పనివారు చెప్పిరి. మాస్ ఆ అవమానమును మరువలేదు. ఫెరారీ జట్టులో చేరనని నిశ్చయించుకొని పదేండ్లు ఆ మాట నిలుపుకొనెను. దీనికితోడు స్వదేశపు కార్లనే నడుపవలెనను అభిమానము అతనికి మెండు. ఆనాటి బ్రిటిషు కార్లు ఇటలీ కార్ల ముందు నిలువజాలనివి. కావున యౌవనములోని రెండు మూడు విలువైన సంవత్సరములు అతనికి ఓటములలోనే గడచినవి. అభిమానము మంచిదే కాని, ఇంజనుకు అభిమానము తెలియదు గదా! 1954లో తుదకు ఇటలీ కారైన మసెరాటీని కొని నడిపెను. దానితో అతని సత్తా లోకమునకు తెలిసి, మరుసటి యేడు జర్మనీ దేశపు మెర్సిడెస్ సంస్థ అతనిని పిలిచెను. అప్పటికే ఆ సంస్థకు ఫాంజియో నాయకుడు.

1955 మే 1వ తేదీన జరిగిన మిల్లే మిల్యా పందెమును గూర్చి కొంత విపులముగా వ్రాయుచున్నాము. ఆ మాటకు వేయి మైళ్లని అర్థము. ఉత్తర ఇటలీలోని బ్రేషా నగరమున బయలుదేరి రోమునకు పోయి మరల బ్రేషాకు రావలెను. దూరము సుమారు 1,600 కిలోమీటర్లు. పందెమునకు వేరు బాట లేదు. ఊళ్ల నడుమ సాగు మామూలు రోడ్లే బాట. ఇటలీవారికి ఆ మలుపులన్నియు చిన్ననాటినుండి పరిచయము. పరదేశి వాటిని కంఠస్థము చేయుట యెట్లు? మాస్ పక్కన కూర్చుండిన డెనిస్ జెంకిన్సన్ అను పత్రికారచయిత దీనికొక ఉపాయము పన్నెను. ఇద్దరును ముందుగా ఆ దారిని మరల మరల తిరిగి, ప్రతి మలుపును, మిట్టను, రైలు గేటును వ్రాసికొనిరి. ఆ వ్రాతను పదునెనిమిది అడుగుల పొడవు గల కాగితపు చుట్టగా చేసి, చిన్న అల్యూమినియం పెట్టెలో అమర్చిరి. జెంకిన్సన్ చుట్టను త్రిప్పుచు, పెట్టెపై నున్న కిటికీగుండ చదివి, చేసైగలతో మాస్‌కు దారి తెలుపవలెను. ఇంజను హోరులో మాట వినబడదు గనుక సైగలు తప్పలేదు.

వారి కారు ఉదయము 7 గంటల 22 నిమిషములకు బయలుదేరెను. అందుచేతనే దానిపై 722 అను సంఖ్య పెద్దగా వ్రాయబడెను. మిట్ట యవతల దారి యెటు తిరుగునో కంటికి కానరానిచోట, సైగను మాత్రమే నమ్మి, గంటకు 270 కిలోమీటర్ల వేగముతో మిట్టనెక్కి దూకవలెనన్నచో నడుపువానికి పక్కవానియందు ఎట్టి విశ్వాసముండవలెనో ఊహించుడు. ఒకచోట కారు నేలను విడిచి గాలిలో తేలి దిగెను. జెంకిన్సన్‌కు కడుపులో త్రిప్పి వాంతియగుటకు తల బయట పెట్టగా కండ్లద్దములు గాలికి కొట్టుకొనిపోయినవి. ముందుచూపుతో వేరొక జత జేబులో ఉంచుకొనుటచే కాగితపు చుట్ట చదువుట ఆగలేదు. 10 గంటల 7 నిమిషముల 48 సెకనులలో వారు బ్రేషాకు తిరిగి వచ్చిరి. సరాసరి వేగము గంటకు 157 కిలోమీటర్లకు మించినది. ఒంటరిగా నడిపిన ఫాంజియో రెండవవాడుగా వచ్చెను. అతనికిని వీరికిని నడుమ అరగంటకు పైగా వ్యత్యాసము. 1957లో కారొకటి జనముపైకి దూసికొనిపోయి పలువురు మరణించుటతో ఆ పందెమునే నిలిపివేసిరి. కాన ఆ 10 గంటల 7 నిమిషముల కాలమును మఱియెవరును తగ్గింపలేదు.

జెంకిన్సన్ చేసినది మనవారు పరీక్షకు ముందు వ్రాసికొను పొడి వ్రాతలకంటె భిన్నమైనది కాదని మాకు తోచును. తేడా యేమనగా, ఇచ్చట ఒక్క పంక్తి తప్పు చదివినను ప్రాణమే పోవును.

అదే సంవత్సరము జూన్ 11న ఫ్రాన్సులోని లెమాన్ పందెములో మెర్సిడెస్ కారు ఒకటి జనములోనికి ఎగిరి పడి, ఎనుబదిమందికి పైగా మరణించిరి. ఆ రాత్రి మాస్, ఫాంజియోలు కలసి నడుపుచున్న కారు అందరికంటె ముందున్నను సంస్థవారు దానిని విరమింపజేసిరి. సంవత్సరాంతమున మెర్సిడెస్ పందెములనుండియే తప్పుకొనెను. ఈ నడుమ జూలై 16న ఇంగ్లండులోని ఏన్‌ట్రీలో మాస్ తన మొదటి ప్రపంచ పోటీ విజయమును పొందెను. ఫాంజియో అతని వెనుకనే, సెకనులో అయిదవ వంతు దూరములో, వచ్చెను. నన్ను కావలెనని గెలువనిచ్చితివా యని మాస్ అడుగగా, ఆ దినమున నీవే మేలుగా నడిపితివని ఫాంజియో బదులు చెప్పెనట. అది నిజమో, పెద్దవాని మర్యాదయో మాస్‌కు జీవితాంతము తేలలేదు.

1956 సంగతి త్వరగా దాటుదము. ఆ యేడు మసెరాటీతో మొనాకోలోను ఇటలీలోను గెలిచెను. 1957లో చిరకాలపు కోరిక తీరెను. బేరింగులు తయారుచేయు కర్మాగారపు యజమానియైన టోనీ వాండర్‌వెల్ నిర్మించిన వాన్‌వాల్ అను ఆకుపచ్చని బ్రిటిషు కారు ఇటలీ కార్లకు సమానమయ్యెను. జూలై 20న ఏన్‌ట్రీలో మాస్ కారు చెడిపోగా, గాయముల బాధతో నడుపుచున్న సహచరుడు టోనీ బ్రూక్స్ తన కారును అతనికి అప్పగించెను. ఆనాటి నియమములు దీనిని అనుమతించెడివి. వెనుకబడిన ఆ కారును మాస్ ముందుకు తెచ్చి గెలిపించెను. బ్రిటిషు కారులో బ్రిటిషువారు ప్రపంచ పోటీ పందెమును గెలుచుట అదియే మొదలు.

ఇక 1958. జనవరి 19న అర్జెంటీనాలో వాన్‌వాల్ కార్లు సిద్ధము కాకపోవుటచే మాస్, రాబ్ వాకర్ అను ధనికుని చిన్న కూపర్ కారును నడిపెను. దాని ఇంజను నడుపువాని వెనుక నుండెను. బండిని ముందునుండి లాగవలెను గాని వెనుకనుండి త్రోయుటేమని ఆ కాలమున పెద్ద సంస్థలవారు దానిని చులకనగా చూచెడివారు. ఆ కారు చక్రములు ఒక్కొక్కటి నాలుగు మరలతో బిగింపబడియుండుటచేత టైర్లు మార్చుటకు ఆలస్యమగును. కాన మాస్ ఒక పన్నాగము పన్నెను. అతని పనివారు క్రొత్త టైర్లను అందరకు కనబడునట్లు సిద్ధపరచి నిలిచిరి. ఇతడెట్లును ఆగును గదా యని ఫెరారీవారు తొందరపడలేదు. మాస్ ఆగనే లేదు. రబ్బరు అరిగి లోపలి నూలు పొర బయటపడిన టైర్లతో, 2.7 సెకనుల తేడాతో గెలిచెను. ఇంజను వెనుకనున్న కారు ప్రపంచ పోటీ పందెము గెలుచుట అదియే ప్రథమము. నాలుగేండ్లు తిరుగకముందే ముందు ఇంజను కార్లు ఆ పందెములనుండి మాయమైనవి.

ఆ సంవత్సరము ఫాంజియో విరమించెను. సింహాసనము ఖాళీ అయ్యెను. మాస్‌కు ప్రతియోధి మరియొక ఆంగ్లేయుడే: ఫెరారీ నడుపుచున్న మైక్ హాథార్న్. పొడగరి, నవ్వుమోము, పందెమునాడు సైతము మెడకు బోటై కట్టుకొను సరదా మనిషి. ఇద్దరును ఒకే ఈడువారు. స్నేహమే కాని, గెలుపుకోరిక ఇద్దరికిని సమానము.

పాయింట్ల లెక్క తెలియనిదే ఇకముందు కథ తెలియదు. మొదటివానికి 8, రెండవవానికి 6, తరువాత క్రమముగా 4, 3, 2. ఇదిగాక, ఆ దినమున ఒక్క చుట్టును అందరికంటె వేగముగా తిరిగినవానికి అదనముగా 1. సంవత్సరములోని పదకొండు పందెములలో ఒక్కొక్కనికి వచ్చిన ఉత్తమమైన ఆరు ఫలితములనే లెక్కింతురు.

ఒపోర్టో పందెము నగర వీధులలో జరిగెను. రాతి పరపులు, ట్రాము పట్టాలు గల వీధులవి. మాస్ ముందుండెను, హాథార్న్ రెండవవాడు. నడుమ హాథార్న్ ఒక చుట్టును అందరికంటె వేగముగా తిరిగెను. ఆ సంగతిని మాస్‌కు తెలుపుటకు వాన్‌వాల్ పనివారు పలకపై హాథార్న్ పేరును, రికార్డు అను మాటను కుదించి ఆంగ్లాక్షరములలో వ్రాసి చూపిరి. రెండు మాటల పొడి అక్షరములు, దూసికొనిపోవు కారు. చివరి ‘సీ’ అక్షరము మాస్ కండ్లకు ‘జీ’ వలె కనబడెను. అప్పుడు అర్థము ‘రెగ్యులర్’, అనగా హాథార్న్ మామూలుగానే పోవుచున్నాడని. కావున మాస్ వేగము పెంచలేదు. ఆ ఒక్క పాయింటు హాథార్న్‌కే పోయెను.

పందెము చివర హాథార్న్ కారు గింగిరము తిరిగి ఆగిపోయెను, ఇంజను చల్లబడెను. అతడు దిగి ఎదురెత్తున కారును త్రోయుటకు తంటాలు పడుచుండెను. గెలుపు ముగించుకొని మెల్లగా వచ్చుచున్న మాస్ అది చూచి, పల్లమువైపు త్రోయుమని కేకవేసి చెప్పెను. హాథార్న్ అట్లే చేసి ఇంజనును మేల్కొలిపి రెండవ స్థానమున ముగించెను. కాని పల్లము పందెపు దిక్కునకు వ్యతిరేకముగా నుండెను. ఎదురు దిక్కున కారు నడిపినవానిని పోటీనుండి తొలగింపవలెనని నియమము. నిర్ణేతలు హాథార్న్‌ను తొలగించుటకు పూనుకొనిరి.

అప్పుడు మాస్ తానై నిర్ణేతల యొద్దకు పోయెను. తాను కన్నులార చూచితిననియు, హాథార్న్ కారును పందెపు బాటపై గాక ప్రక్కనున్న కాలిబాటపై వెనుకకు పోనిచ్చెననియు, కాలిబాట పందెపు బాట కాదు గనుక నియమభంగము జరుగలేదనియు సాక్ష్యమిచ్చెను. నిర్ణేతలు అంగీకరించిరి. హాథార్న్‌కు 7 పాయింట్లు దక్కినవి.

మాస్ ఊరకున్నచో ఎవరును అతనిని తప్పు పట్టియుండరు. అబద్ధము చెప్పనక్కరలేదు, నోరు మెదపకున్న చాలును. విచారణ అతనిది కాదు, పిలుపు రాలేదు, లాభము మాత్రము అతనిదే. ఈ భేదమును విద్యార్థులు గమనింపగోరుచున్నాము.

పోటీలోని తుది పందెము అక్టోబరు 19న మొరాకో దేశమందలి కాసాబ్లాంకాలో జరిగెను. మాస్ గెలిచి, అతివేగపు చుట్టు పాయింటును కూడ సంపాదించినను చాలదు. హాథార్న్ రెండవవాడుగా రాకుండవలెను. మాస్ చేయవలసినదంతయు చేసెను, మొత్తము 9 పాయింట్లు. కాని హాథార్న్ సహచరుడైన అమెరికా దేశీయుడు ఫిల్ హిల్, జట్టు ఆజ్ఞ చొప్పున తన రెండవ స్థానమును హాథార్న్‌కు విడిచెను. ఇప్పుడు లెక్క చూడుడు. మాస్‌కు ఆరు ఫలితములు: 8, 9, 6, 1, 8, 9. మొత్తము 41. హాథార్న్ ఉత్తమమైన ఆరు: 9, 7, 7, 7, 6, 6. మొత్తము 42. ఆ యేడు మాస్ గెలిచిన పందెములు నాలుగు, హాథార్న్ గెలిచినది ఒక్కటే.

ఒపోర్టోలో హాథార్న్ తొలగింపబడినచో అతని ఆరు ఫలితములు 9, 7, 7, 6, 6, 4 అగును. మొత్తము 39. మాస్ ప్రపంచ విజేత యగును. అంతేకాదు. పలకపైని ‘సీ’ని ‘సీ’గానే చదివి, ఆ అతివేగపు చుట్టును మాస్ తిరిగి గెలుచుకొన్నను ఇతనికి 42, హాథార్న్‌కు 41 అయి యుండును. విద్యార్థులు కాగితముపై వేసి చూచుకొనవచ్చును.

ఆ గెలుపు ఎవరికిని సంతోషము మిగుల్చలేదు. కాసాబ్లాంకాలో మాస్ సహచరుడు స్టూవర్ట్ లూయిస్-ఎవాన్స్ కారు మండి, అతడు ఆరు దినములకు మరణించెను. వాండర్‌వెల్ అనారోగ్యముచే జట్టును మూసివేసెను. హాథార్న్ మిత్రుడైన పీటర్ కాలిన్స్ ఆగస్టులోనే జర్మనీ పందెమున పోయెను. ప్రపంచ విజేత యైన తొలి బ్రిటిషువాడు హాథార్న్. అతడు వెంటనే పందెములు మానుకొని, 1959 జనవరి 22న ఇంగ్లండులోని గిల్ఫర్డు దగ్గర మామూలు రహదారిపై కారు ప్రమాదములో మరణించెను. అప్పటికి అతనికి ఇరువదితొమ్మిదేండ్లు. మాస్‌కు అర్జెంటీనాలో కారిచ్చిన రాబ్ వాకర్ ఆ సమయమున అదే దారిలో ఉండెను. వాకర్ కారును దాటుచుండగనే హాథార్న్ కారు పట్టుదప్పెను.

మాస్ తరువాత ఎక్కువగా వాకర్ కార్లనే నడిపెను. 1960 జూన్‌లో బెల్జియములో కారు వెనుక చక్రము ఊడి, రెండు కాళ్లును విరిగినవి. ఆ నవంబరులోనే అమెరికా పందెము గెలిచెను. 1961 మే 14న మొనాకోలో అతడు గెలిచిన పందెమును పలువురు అతని పందెములన్నిటిలో మేటిదిగా చెప్పుదురు. వంద చుట్ల పందెము. ఫెరారీ ఇంజనులకు బలమెక్కువ, మాస్ లోటస్ పాతది. వేడిమికి తాళలేక కారు ప్రక్క రేకులను ఊడదీయించి, ఎండలో అట్లే బయలుదేరెను. వెంటపడిన మూడు ఫెరారీలకు చివరివరకు చిక్కక 3.6 సెకనుల తేడాతో గెలిచెను. ఆ ఆగస్టులో జర్మనీలో పొందినది అతని పదునారవ, కడపటి ప్రపంచ పోటీ విజయము. పాల్గొన్న పందెములు 66.

1962లో ఫెరారీతో పాత వైరము సమసి, వారి కారు అతనికి రానుండెను. ఆ యేడు ఏప్రిల్ 23న గుడ్‌వుడ్ బాటలో లోటస్ కారు కట్టను ఢీకొనెను. ఒక నెల స్పృహ లేదు. ఎడమవైపు దేహము ఆరు నెలలు స్వాధీనము తప్పెను. 1963 మేలో అదే బాటలో ఒంటరిగా కారు నడిపి చూచుకొనెను. వేగము తగ్గలేదు. కాని మునుపు చేతులు తమంతట చేసిన పనిని ఇప్పుడు తలచి చేయవలసి వచ్చుచున్నదని గ్రహించి, ముప్పదిమూడవయేట పెద్ద పందెములు విడిచెను. ఆ నిర్ణయము తొందరపాటేమోనని పిదప అనుకొనెను. 2000లో సర్ బిరుదము పొందెను. ఎనుబదియొకటవ యేట, 2011లో, పాత కార్ల పందెములకు కూడ స్వస్తి చెప్పెను. 2020 ఏప్రిల్ 12న, తొంబదేండ్ల ప్రాయమున, లండనులో మరణించెను.

ఒపోర్టో సంగతిని విలేఖరులు అతనిని అరువదేండ్లపాటు అడుగుచునే యుండిరి. ఆ సాక్ష్యమునకు తాను చింతింపలేదని అతడు ప్రతిసారియు చెప్పెడివాడు.